బిరుదు నుంచి బాధ్యతకు: సర్దార్ గౌతు లచ్చన్న రాజకీయ ప్రస్థానం – ఉద్దానం నేపథ్యం

వ్యాస సంగ్రహం:

పోరాట రంగంలో పేరు పొందిన వ్యక్తి చట్టసభలో అడుగుపెట్టినప్పుడు, ఆ పేరుతో పాటు కొన్ని చిక్కులు కూడా వెంట వస్తాయి. ఆదేశించడం, తెగించడం, వెనుదిరగకపోవడం పోరాటంలో గుణాలు. బేరం కుదుర్చుకోవడం, ఓటు లెక్కించడం, ఓటమిని అంగీకరించడం శాసనసభలో అవసరాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలోని బారువ గ్రామంలో పుట్టి, జాతీయోద్యమంలో ‘సర్దార్’గా ప్రసిద్ధి పొంది, ఆపై మంత్రిగా, పార్లమెంటు సభ్యుడిగా, ప్రతిపక్ష నాయకుడిగా పనిచేసిన గౌతు లచ్చన్న (1909–2006) జీవితాన్ని ఈ కోణం నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉద్దానం భూసంబంధాలు, గీత వృత్తి సమస్య, పార్టీ మార్పుల వెనుక ఉన్న తర్కం ఇందులో ప్రధానాంశాలు.

కీలక పదాలు: గౌతు లచ్చన్న, ఉద్దానం, జమీందారీ వ్యతిరేకోద్యమం, గీత కార్మికులు, కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్ర పార్టీ.

1. ఉపోద్ఘాతం

‘సర్దార్’ పారసీకం నుంచి భారతీయ భాషలలోకి వచ్చిన మాట. దళానికి నాయకుడు, సేనాని అని దాని అర్థం. సైనిక వ్యవస్థలో ఇటువంటి గౌరవాలను ప్రభువు లేదా ప్రభుత్వం ప్రదానం చేస్తుంది. జాతీయోద్యమ కాలంలో ఈ మాట స్వభావం మారింది. 1928 బార్డోలీ రైతు సత్యాగ్రహం తరువాత వల్లభ్‌భాయ్ పటేల్ పేరు ముందు చేరిన ‘సర్దార్’ ఏ సైన్యమూ ఇచ్చినది కాదు, ప్రజలు ఇచ్చినది. లచ్చన్న పేరు ముందు నిలిచిన ‘సర్దార్’ కూడా ఆ కోవలోనిదే.

ఈ భేదం ఎంత ముఖ్యమైనదో అదే కాలపు జర్మనీని చూస్తే స్పష్టమవుతుంది. బవేరియా సైన్యాధికారి ఫ్రాంజ్ ఎప్ మొదటి ప్రపంచ యుద్ధంలో చూపిన పరాక్రమానికి మాక్స్ జోసెఫ్ సైనిక పతకం పొందాడు. దానితో పాటు ‘రిట్టర్ ఫాన్’ అనే కులీన బిరుదు ఆయన పేరులో చేరింది. 1919లో మ్యూనిక్‌లోని సోవియట్ ప్రభుత్వాన్ని అణచిన దళాలలో ఒకదానికి ఆయన నాయకుడు. 1928లో నాజీ పక్షాన జర్మన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1933 నుంచి బవేరియాలో హిట్లర్ ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్నాడు. రణరంగంలో సంపాదించిన గౌరవాన్ని ప్రజాస్వామ్యాన్ని కూల్చడానికి పెట్టుబడిగా పెట్టిన ఉదాహరణ ఇది. అదే 1919 ఆరంభంలో అదే మ్యూనిక్ నగరంలో మాక్స్ వెబర్ రాజకీయాన్ని వృత్తిగా విశ్లేషిస్తూ ఉపన్యసించాడు. వ్యక్తి ఆకర్షణ మీద నిలిచిన అధికారాన్ని, నియమాల మీద నిలిచిన అధికారాన్ని ఆయన వేరు చేసి చూపాడు. నాయకుడికి తపన ఒక్కటే చాలదని, బాధ్యత, నిదానమైన అంచనా కూడా ఉండాలని ఆయన వాదన.

ప్రజలు ఇచ్చిన బిరుదుతో చట్టసభకు వెళ్లిన నాయకుడు ఆ గౌరవాన్ని ఏమి చేశాడన్నది లచ్చన్న విషయంలో అడగవలసిన ప్రశ్న. సమాధానం ఉద్దానం నేల నుంచే మొదలుకావాలి.

2. ఉద్దానం: నేల, తీరం, ఎస్టేట్లు

పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలలో విస్తరించిన తీరభూమిని ఉద్దానం అంటారు. ‘ఉద్యానం’ అన్న మాటే వాడుకలో ఇలా మారిందని స్థానికుల భావన. ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు, గట్ల వెంట తాటిచెట్లు ఇక్కడి జీవనాధారాలు. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు నెలవు. దక్షిణాన టెక్కలి వైపు నౌపడ దగ్గర ఉప్పు మడులు ఉన్నాయి. ఒకప్పుడు ఓడరేవుగా ఉన్న బారువ ఈ తీరానికి బయటి ప్రపంచంతో సంబంధం కలిపింది. బతుకుతెరువు కోసం రంగూన్ వెళ్లడం ఈ ప్రాంతపు కుటుంబ చరిత్రలలో సాధారణ విషయం.

పరిపాలనాపరంగా ఈ ప్రాంతం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు తెలుగు ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. అంటే లచ్చన్న పుట్టిన ఊరు కదలకుండానే ఆయన నలభై ఒకటో ఏటికి మూడు జిల్లాలు మారింది. భూమి మీద అధికారం మాత్రం మందస, టెక్కలి వంటి ఎస్టేట్లదే. శిస్తుతో పాటు అడవి కలప, పశువుల మేత, వంటచెరకు కూడా ఎస్టేటు అదుపులో ఉండేవి. అందువల్ల ఇక్కడ జమీందారీ వ్యతిరేకత చట్టాల చర్చగా కాక, పొయ్యిలోకి కట్టె దొరకడం దొరకకపోవడం అనే దైనందిన సమస్యగా మొదలయింది.

3. సత్యాగ్రహి నుంచి సర్దార్

లచ్చన్న 1909 ఆగస్టు 16న బారువలో కల్లుగీత వృత్తి కుటుంబంలో జన్మించారు. చదువు కొనసాగుతున్న దశలోనే 1930లో గాంధీజీ పిలుపు అందుకుని ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్లారు. ఉప్పు మడులు కళ్లెదుటే ఉండి, ఉప్పు మాత్రం పన్ను కట్టి కొనుక్కోవలసిన తీరవాసులకు ఆ సత్యాగ్రహం ప్రతీకాత్మక చర్య కాదు. తమ ఊరి విషయం. ఆ తరువాత శాసనోల్లంఘనోద్యమం, హరిజన సేవ, రైతు సంఘాల నిర్మాణం ఆయన కార్యరంగాలయ్యాయి. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో అజ్ఞాతంలో పనిచేసి, అనంతరం జైలు జీవితం గడిపారు.

ఆయన రాజకీయ దృక్పథాన్ని మలచినవారు ఆచార్య ఎన్.జి. రంగా. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు రంగా తొలి ప్రధాన కార్యదర్శి. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో ఆయన నడిపిన రైతాంగ విద్యాలయం నుంచి అనేకులు కార్యకర్తలుగా వచ్చారు. దున్నేవాడే భూమికి యజమాని కావాలి, ఆ యాజమాన్యాన్ని జమీందారూ తీసుకోకూడదు, ప్రభుత్వమూ తీసుకోకూడదు అన్నది రంగా సిద్ధాంతానికి సారం. లచ్చన్న తరువాతి నిర్ణయాలను అర్థం చేసుకోవడానికి ఈ సూత్రం తాళంచెవి వంటిది.

1940 మార్చి 26, 27 తేదీలలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు పలాసలో జరిగాయి. ఒక చిన్న రైల్వే కూడలి దేశ రైతాంగానికి వేదిక అయింది. సభలు ముగిసిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస ఎస్టేటులో కాల్పులు జరిగాయి. గుడారి రాజమణిపురం రైతులు ఎస్టేటు అడవిలో కలప కొట్టుకోవడం, వారిని నిర్బంధించడానికి పోలీసులు రావడం, గ్రామస్థులు అడ్డుకోవడం ఈ సంఘటనకు పూర్వరంగం. కాల్పులలో గర్భిణి అయిన సాసుమాను గున్నమ్మతో పాటు మరికొందరు మరణించారు. ‘వీర గున్నమ్మ’గా ఆమె ఉద్దానం జ్ఞాపకంలో నిలిచారు. ఆమెకూ బిరుదును ఇచ్చినది ఊరే.

మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైతువారీ మార్పిడి చట్టం 1948లో వచ్చింది. దానికి పదేళ్ల ముందే, 1938లో, టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జమీందారీ రైతుల హక్కులను సమర్థిస్తూ నివేదిక ఇచ్చింది. జమీందారీ సమస్య మీద ప్రకాశం, లచ్చన్న ఒకే పక్షాన ఉన్నవారు. తరువాతి కాలంలో వీరి మధ్య వచ్చిన ఘర్షణకు ఉన్న బరువు ఇక్కడే ఉంది.

4. గీత కార్మికుల సమస్య, ప్రకాశం మంత్రివర్గ పతనం

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాతో మొదలై 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. గాంధేయ దృష్టిలో అది నైతిక సంస్కరణ. మోకు కట్టి తాడిచెట్టు ఎక్కే కుటుంబానికి మాత్రం అది బతుకుతెరువు పోవడం. గీత వృత్తివారికి సొంత భూమి తక్కువ, మరో పని నేర్చుకునే అవకాశమూ తక్కువ. గాంధీజీ పిలుపుతో చదువు మానిన లచ్చన్నకు ఇది కఠినమైన పరీక్ష. గురువు ఆదర్శం ఒకవైపు, కన్నవారి వృత్తి మరోవైపు. ఆయన రెండో పక్షాన నిలిచారు. అయితే దానిని కులాభిమానంగా ప్రకటించక, ఉపాధి హక్కుగా వాదించారు.

రంగా 1951లో కాంగ్రెసు నుంచి వేరుపడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించినప్పుడు లచ్చన్న ఆయన వెంట నడిచారు. 1953 అక్టోబరు 1న ప్రకాశం ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. నిషేధం అమలును పరిశీలించడానికి నియమించిన ఎస్.వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయాలని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను అమలు చేయలేదు. గీత కార్మికులు లచ్చన్న నాయకత్వంలో ఆందోళనకు దిగారు. ఆ సమస్య శాసనసభలోకి వచ్చి, 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రకాశం మంత్రివర్గం కూలి, రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఈ ఘట్టం మీద రెండు తీర్పులు సాధ్యం. కొత్త రాష్ట్రానికి ఏడాది నిండగానే వృద్ధనాయకుని ప్రభుత్వాన్ని కూల్చడం తొందరపాటు అన్నది ఒకటి. అవిశ్వాసానికి ఓటు వేసిన పక్షాలన్నిటికీ గీత కార్మికుల మీద ఒకే స్థాయి శ్రద్ధ లేదన్నది కూడా నిజమే. ఒక చేతివృత్తి సమూహం ఆకలి రాష్ట్ర ప్రభుత్వ భవితవ్యాన్ని నిర్ణయించగలిగినది ఇక్కడే అన్నది రెండో తీర్పు. ఈ రెండింటిలో ఏది ఒప్పుకున్నా ఒక విషయం మిగులుతుంది. లచ్చన్న ఆందోళనను సభ వెలుపల ఆపివేయలేదు, సభను ధిక్కరించనూ లేదు. వీధిలోని ప్రశ్నను ఓటింగు దాకా తీసుకువచ్చారు. బిరుదు నియమానికి లోబడిన సందర్భం ఇది.

1955 ఎన్నికలలో కాంగ్రెసుతో కృషికార్ లోక్ పార్టీ కలిసి పోటీ చేసింది. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు.

5. స్వతంత్ర పార్టీ: వైరుధ్యమా, కొనసాగింపా?

లచ్చన్న జీవితంలో విమర్శకులను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అంశం స్వతంత్ర పార్టీలో ఆయన స్థానం. 1959లో రాజాజీ ప్రేరణతో ఏర్పడిన ఆ పార్టీకి రంగా తొలి అధ్యక్షుడు. మాజీ సంస్థానాధీశులు, జమీందారులు, పారిశ్రామికవేత్తలు దేశవ్యాప్తంగా అందులో చేరారు. మందస కాల్పుల నాటి రైతు కార్యకర్త, జమీందారులు చేరిన పార్టీలో ఎలా ఇమిడారు?

దీనికి నేపథ్యం 1959 జనవరిలో కాంగ్రెసు నాగపూర్ మహాసభ చేసిన సహకార వ్యవసాయ తీర్మానం. ఎస్టేట్ల రద్దుతో రైతు చేతికి పట్టా వచ్చి పదేళ్లు కాకముందే ఆ భూమిని ఉమ్మడి సేద్యంలో కలపాలన్న ఆలోచన రంగా వర్గాన్ని కలవరపరిచింది. వారి దృష్టిలో జమీందారు స్థానంలో ప్రభుత్వం వచ్చి కూర్చోవడమే అది. ఆ కోణంలో లచ్చన్న నిర్ణయం మార్పు కాదు, పాత సూత్రానికి కొనసాగింపు. అయితే ఈ సూత్రానికి ఒక పరిమితి ఉంది. పట్టా పొందిన రైతుకు అది రక్షణ. పట్టాయే లేని కూలీకి, కొండ మీది గిరిజనుడికి అది ఏమీ చెప్పలేదు.

ఆ లోటు త్వరలోనే బయటపడింది. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజన కార్యకర్తలు హతులైన తరువాత శ్రీకాకుళ సాయుధ పోరాటం ఊపందుకుంది. కొండల నుంచి అది మైదానానికి, ఉద్దానానికి దిగివచ్చింది. పలాస సమీపంలోని బొడ్డపాడు గ్రామం పంచాది కృష్ణమూర్తి వంటి యువకులను ఆ ఉద్యమానికి ఇచ్చింది. గున్నమ్మను తలచుకుంటూ పెరిగిన ప్రాంతంలోనే ఒక తరం సర్దార్ వెంట చట్టసభ దారిలో నడిచింది, తరువాతి తరంలో ఒక భాగం ఆ దారిని కాదంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా ఉద్దానం రాజకీయ చరిత్ర పూర్తికాదు.

6. వదులుకున్న స్థానం

1967 సాధారణ ఎన్నికలలో లచ్చన్న శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే ఎన్నికలలో చిత్తూరులో రంగా ఓడిపోయారు. లోక్‌సభలో తమ పార్టీకి రంగా గొంతు అవసరమని భావించి లచ్చన్న తన స్థానానికి రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో శ్రీకాకుళం ఓటర్లు రంగాను గెలిపించారు.

ఈ త్యాగాన్ని గురుభక్తిగా కొనియాడడం పరిపాటి. అది నిజమే అయినా అంతటితో ఆగకూడదు. గెలిచిన స్థానం నాయకుని సొత్తా, ఓటరు అప్పగించిన బాధ్యతా అన్న ప్రశ్న ఇందులో ఉంది. తమ జిల్లా మనిషిని ఎన్నుకున్న ఓటర్లకు గుంటూరు జిల్లా నాయకుడు ప్రతినిధి అయ్యారు. ఉప ఎన్నికలో వారు సమ్మతించడం వల్ల ఆ నిర్ణయానికి ప్రజామోదం లభించింది. ఏమైనా, పదవిని కూడబెట్టుకోవలసిన ఆస్తిగా లచ్చన్న చూడలేదని ఈ ఘట్టం నిరూపిస్తుంది.

7. చివరి దశాబ్దాలు

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన తరువాత తలెత్తిన జై ఆంధ్ర ఉద్యమంలో తెన్నేటి విశ్వనాథం తదితరులతో పాటు లచ్చన్న ముందువరుసలో నిలిచారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆరుసూత్రాల పథకంతో ఉద్యమం చల్లబడింది. ప్రత్యేకాంధ్ర ఆశయం నెరవేరలేదు.

వెనుకబడిన తరగతుల సంఘటితత్వానికి కూడా ఆయన పాటుపడ్డారు. ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల జాబితా 1960లలో న్యాయస్థానాలలో నిలబడలేదు. అనంతరామన్ కమిషన్ నివేదిక ఆధారంగా 1970లో నాలుగు వర్గాలుగా 25 శాతం రిజర్వేషన్లు ఏర్పడ్డాయి. 1972లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. గీత వృత్తివారి ఉపాధి హక్కుతో మొదలైన లచ్చన్న వాదన ఈ దశలో విద్య, ఉద్యోగం, ప్రాతినిధ్యం దాకా విస్తరించింది.

1978 ఎన్నికల అనంతరం జనతా పార్టీ పక్షాన ఆయన రాష్ట్ర శాసనసభలో ప్రతిపక్ష నాయకులయ్యారు. 2006 ఏప్రిల్ 19న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. నాగావళి మీది తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. ఆయన కుమారుడు గౌతు శ్యామసుందర శివాజీ సోంపేట, పలాస నియోజకవర్గాల నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 2024లో మనుమరాలు శిరీష పలాస నుంచి గెలిచారు. ప్రజలిచ్చిన బిరుదు వంశానికి గుర్తింపుగా మారడం ప్రజాస్వామ్యంలో ఏ విధంగా జరుగుతుందన్నది వేరే అధ్యయనానికి తగిన అంశం.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని విషయాలు తేలుతున్నాయి.

• లచ్చన్న పొందిన ‘సర్దార్’ గౌరవం సైనిక పతకం వంటిది కాదు. ఉప్పు, కలప, కల్లు వంటి దైనందిన జీవన సమస్యల మీద జరిగిన పోరాటాల నుంచి వచ్చింది. అందువల్ల దానిని నిలుపుకోవాలంటే ప్రతిసారీ ఆ ప్రజల ముందుకే రావలసి ఉంటుంది.

• ఆయన పార్టీలు మారాయి. సొంత సేద్యం చేసే రైతు, చేతివృత్తివాడు స్వతంత్రంగా బతకాలన్న సూత్రం మారలేదు. ఆ సూత్రం ఆయనకు బలం. భూమి లేనివారి విషయంలో అదే పరిమితి.

• పోరాట నాయకత్వాన్ని ఆయన చట్టసభకు ప్రత్యామ్నాయంగా కాక, చట్టసభకు దారిగా వాడారు. మంత్రివర్గాన్ని కూల్చినా ఓటుతోనే కూల్చారు. గెలిచిన స్థానాన్ని వదులుకున్నా మళ్లీ ఓటరు దగ్గరికే పంపారు.

బవేరియా సేనాని ఎప్, బారువ సర్దార్ లచ్చన్న ఇద్దరూ కష్టకాలంలో తెగువ చూపి పేరు పొందినవారే. ఆ పేరును ఎవరికి జవాబుదారీ చేశారన్నదే వారిని వేరు చేసింది. ఉద్దానంలో ఆ జవాబుదారీతనాన్ని అడిగినవారిలో గున్నమ్మ ఊరివారు, మోకు కట్టిన గీత కార్మికులు, బొడ్డపాడు యువకులు కూడా ఉన్నారు. లచ్చన్న జీవితాన్ని వీరి పక్క నుంచి చదివినప్పుడే ఆ బిరుదుకు అసలు విలువ తెలుస్తుంది.